ఎగిరెడు వీరులు, నవ్వెడు వారు



గడచిన నెలలో ఊరగాయ జాడీలను గూర్చి నేను వ్రాసిన దానికి మీలో పలువురు జాబులు వ్రాసితిరి. మాగాయకు ఎండ చాలలేదన్న సోదరికిని, జాడీకి వాసెన గట్టుట యెట్లని యడిగిన సోదరికిని వచ్చు నెలలో బదులు చెప్పెదను. ఈ నెలకు మాత్రము నన్ను మన్నింపవలెను. మా యింట నొక చిన్న కలత పుట్టినది. అది తీరు వఱకు నాకు వేఱొక విషయముపై మనసు నిలువలేదు. కలతకు మూలము సినిమా; అందును నలువదేండ్లు దాటిన పాత సినిమా.

దసరా సెలవులకు మా యాడుబిడ్డ పిల్లలు శ్రీకాకుళమునుండి వచ్చి యుండిరి. విజయనగరమున నుండు మాబోటి వారి యిండ్లు ఆ దినములలో ఎట్లుండునో చెప్ప నక్కఱలేదు. సిరిమాను చూడవచ్చు చుట్టములతో వీథిగదియు వసారాయు నిండిపోవును. నేను వంటయింట గారెలకు పప్పు రుబ్బుకొనుచుంటిని. మా యత్తగారు వసారాలో కూర్చుండి దీపములకు వత్తులు చేయుచుండిరి. పిల్లలు నలుగురును ఒక ఫోనుచుట్టు తలలు చేర్చి, ఊపిరి తిరుగక నవ్వుచుండిరి. వారి నవ్వు వినుట నాకును వేడుకగానే యుండెను.

"ఏటర్రా అంత నవ్వు? నాకూ చూపించండి" అని మా యత్తగారు పిలిచిరి. పెద్దవాడు ఫోను తీసికొనిపోయి ఆమె చేతి కిచ్చెను. అందులో ఎవరో యిద్దరు హాస్యగాండ్రు కూర్చుండి, 1980వ సంవత్సరమున వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ అను తెలుగు చిత్రమును ముక్కలు ముక్కలుగా చూపుచు, ముక్క కొక యెత్తిపొడుపు విసరుచుండిరి. వీరుడు ఆకాశమున తేలును. "ఈయన ఎగురుతున్నాడా, మబ్బులే పరుగెడుతున్నాయా?" అని యొకడనును. "బస్సు తప్పిపోయిందేమో పాపం" అని రెండవవాడు. పిల్లలు మరల నేలబడి నవ్వుదురు.

మా యత్తగారు రెండు నిమిషములు చూచిరి. నవ్వలేదు. ఫోను వాని చేతిలో పెట్టి, "నవ్వండర్రా, నవ్వండి. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు" అని వత్తుల పళ్లెము తీసికొని లోపలికి వెళ్లిరి. ఆ రాత్రి మజ్జిగ మాత్రము పుచ్చుకొని పరుండిరి.

అత్తగారు మజ్జిగతో సరిపెట్టుకొన్న రాత్రి కోడలికి నిద్ర పట్టునా? భక్తిచేత నొచ్చుకొనిరని నేను మొదట తలచితిని. ఆ చిత్రమున ఆంజనేయస్వామి కలడు. అదిగాక, రామారావుగారన్నచో ఆ తరమువారికి సగము దేవుడే. 1963లో ‘లవకుశ’ చూచి, ఇల్లు చేరి ఆయన పటమునకు దండము పెట్టినవారు మన తల్లుల తరములో నుండిరి గదా. మా వారిని అడిగితిని. "రెండు దినములలో అదియే సర్దుకొనును" అని వారు పత్రికలో తల దాచుకొనిరి. బడిలో వందలకొలది పిల్లల నదుపులో నుంచు పంతుళ్లకు ఇంటిలో ఇద్దరి నడుమ మాట సర్దుట చేతగాదు. ఇది నా యొక్కతె యనుభవమే కాదనుకొందును.

ఆ చిత్రము నెఱుగని చిన్నవారికై నాలుగు మాటలు చెప్పవలెను. దర్శకులు వి. మధుసూదనరావుగారు; నాయకులు నందమూరి తారక రామారావుగారు; నాయిక జయప్రద. అంతకు రెండేండ్ల ముందు, 1978లో, ‘సూపర్‌మ్యాన్’ అను నాంగ్ల చిత్రము వెలువడి లోకమంతట ఆడినది. అందలి వీరుడు క్రిప్టాన్ అను వేఱొక గ్రహమున బుట్టి, పసితనముననే భూమికి వచ్చి చేరినవాడు, అందుచేతనే యెగురగలడు. మనవారు ఆ పేరును వేషమును తెచ్చుకొనిరి గాని, ఆ గ్రహమును అక్కడనే విడిచి వచ్చిరి. తెలుగువాడు ఎగురుటకు వేఱు గ్రహ మేల? తల్లిదండ్రులను దుర్మార్గులు చంపివేయగా, దిక్కులేని బాలుడు ఆంజనేయుని సన్నిధిని ప్రాణము విడువ సిద్ధపడును. స్వామి కరుణించి తన శక్తి నతనికి ప్రసాదించును. సముద్రమును లంఘించినవాడు మన పూజామందిరముననే యుండగా పొరుగువారింట అప్పు దేనికని ఆ కథ యల్లినవారు తలచియుందురు. ఈ యూహ నాకు ఎంతయో నచ్చినది.

ఊహ మంచిదే, చేత చాలలేదు. ఆ యాంగ్ల చిత్రమునకు మనిషిని ఎగురవేయుటకై సమకూడిన ద్రవ్యము, కాలము, పరికరములు మనవారికి లేకపోయెను. అప్పటికి రామారావుగారికి 57 ఏండ్లు. ఒంటి కంటుకొను దుస్తులును, వీపున తేలియాడు వస్త్రమును పాతికేండ్ల పడుచువానికైనను అమరుట కష్టము. కావున నేటి పిల్లలకు ఆ చిత్రము నవ్వుల పుట్ట యైనది. అయినను ఒక్క మాట. ఆ చిత్రము వచ్చిన మూడేండ్లలోపలనే, 1983 జనవరిలో, ఆ వేషము గట్టినవారే రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యైరి. చూచిన జనులు నవ్వియుండిరో లేదో గాని, నమ్మకమును మాత్రము పోగొట్టుకొనలేదు.

చిన్ననాట మా నాన్నగారు నాకు ఇంటనే నాట్యశాస్త్రమున రసముల ప్రకరణము చెప్పిరి. భరతుడు నవ్వును ఆఱు తరగతులుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తములవి. విహసితము, ఉపహసితము మధ్యములవి. అపహసితము, అతిహసితము అధములవి. ప్రక్కలు పట్టుకొని, కన్నీరు కారునట్లు నవ్వుట కడపటి తరగతికి చెందును. మా పిల్లల నవ్వు అట్టిదే. శాస్త్రమెట్లున్నను వారిని అధములనుటకు నాకు నోరాడదు. గారెలు తిన్నపుడు వారంత యుత్తములు లేరు.

ఆ పాఠములలో నాకు మఱవని దొకటి కలదు. అభినవగుప్తుడు ఏ రసమైనను తన చోటు తప్పి ఆభాసమైనచో హాస్యముగా మాఱునని చెప్పెను. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున నుండిన క్షేమేంద్రుడు ఔచిత్యమును గూర్చి వ్రాయుచు, మొలనూలు మెడకును హారము నడుమునకును తగిలించుకొన్నవారిని చూచి ఎవరు నవ్వరని యడిగెను. మొలనూలునందు నవ్వవలసిన దేమియు లేదు; మెడయందును లేదు. ఒకటి యుండవలసిన తావున వేఱొక టుండుటయే నవ్వునకు కారణము. ఇందుండి నాకొక విచిత్రము తోచినది. హాస్యచిత్రము చెడినచో ఎవరికిని నవ్వు రాదు; ఆవులింత వచ్చును. వీరచిత్రము చెడినచో కడుపుబ్బ నవ్వు వచ్చును. బీదవాని ఒంటిపై చిరుగుపాత చూచి మనము నవ్వము. రాజునని చెప్పుకొని సింహాసనమెక్కినవాని చంకక్రింద చిరుగు కనబడినచో నోరు మూసికొనుట కష్టము.

ఇట్లు తలపోయుచుండగానే సిరిమాను మంగళవారము వచ్చినది. విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారమున మా యూర పైడితల్లి యమ్మవారి సంబరము జరుగుట మీలో చాలమంది యెఱుగుదురు. సుమారు 60 అడుగుల చింతమానును బండిపై నెక్కింతురు. దాని కొనను అమర్చిన యాసనమున పూజారి కూర్చుండును. చదురుగుడికిని కోటకును నడుమ ఆ మాను మూడుమార్లు తిరుగును. ముందు తెల్లయేనుగు, పాలధార, బెస్తవారి వల, అంజలిరథము నడచును. జనులు అరటిపండ్లు పైకి విసరి మ్రొక్కుదురు. ఆ దినము మా పిల్లల నొక మేడపైకి ఎక్కించి చూపితిమి. మిద్దెలకంటె ఎత్తున, ఆకాశమున, ఒక మనిషి తేలుచు వచ్చెను. వసారాలో నేలబడి నవ్విన పెద్దవాడు, ఎవరును చెప్పకయే చేతులు జోడించెను.

ఆకాశమున తేలిన మనిషే గదా! అక్కడ అతిహసితము, ఇక్కడ అంజలి. ఏల? ఆ మేడపై నిలిచియే నేను దీనికి సమాధానము వెదకితిని. సిరిమానునందు దాచిన దేమియు లేదు. మాను కనబడుచున్నది; త్రాళ్లు కనబడుచున్నవి; లాగెడు జనులు, తోలెడు జనులు, చెమటలు కనబడుచున్నవి. పైనున్నవాడు "నే నెగురుచున్నాను" అని చెప్పుట లేదు. అయినను ఆ యెత్తు నిజము. పట్టు తప్పినచో కలుగు ప్రమాదము నిజము. సినిమాలో త్రాడును దాచుదురు. చక్కగా దాచినచో మనము అబ్బురపడుదుము. అసలు దాపనిచో మ్రొక్కుదుము. సగము దాచి సగము మఱచినచో నవ్వుదుము. హాస్యగాడు చేయు పని యెల్ల ఆ సగము కనబడిన త్రాటికొనను పట్టి మొత్తము బయటికి లాగుటయే.

అట్లని పాతచిత్రము లన్నిటికిని ఈ గతి పట్టునా? పట్టదు. 1957లో కె.వి. రెడ్డిగారు తీసిన ‘మాయాబజార్’ను మా పిల్లలు పదిమార్లు చూచియుందురు. నలుపు తెలుపుల చిత్రము. కంప్యూటరు పేరైన విననివారు తీసినది. మార్కస్ బార్ట్‌లీ అను ఛాయాగ్రాహకుని నేర్పుచేత లడ్లు గాలిలో తేలుచు ఘటోత్కచుని నోటిలో పడుచుండును. ఎస్.వి. రంగారావుగారు వానిని మ్రింగుచుండగా మా చిన్నవాడు తానును నోరు తెఱచును. దానిని వెక్కిరించు హాస్యగాడు నాకింతవఱకు కనబడలేదు. కనబడడు కూడ. ఆ చిత్రము తన్ను తానే ముందు నవ్వుకొన్నది. పేరులోనే మాయ యని చెప్పినది. శశిరేఖ రూపున నున్న ఘటోత్కచుని మగనడకను సావిత్రి నడచుచుండగా, వేషము వెనుక వేఱొక డున్నాడని మనకు తెలియును; తెలియుటయే మనకు ఆనందము. త్రాటికొనను మన చేతికే యిచ్చి, తమతోపాటు లాగుమని పిలిచినవారిని ఎవరు వెక్కిరించగలరు? ఆ మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1901లో మన రాజాములో జన్మించినవారు. మొన్నటివఱకు శ్రీకాకుళము జిల్లాలో నుండిన రాజాము 2022 నుండి మా విజయనగరము జిల్లాలోనికి వచ్చినది గనుక, పిల్లల యెదుట పింగళివారు మావారని నేనును, మావారని శ్రీకాకుళపు మేనల్లుండ్రును వాదులాడుకొంటిమి. తీర్పు ఇంకను కాలేదు.

వీరునిప్రక్క వెక్కిరించువాని నిలుపుట మనకు క్రొత్త కాదు. తోలుబొమ్మలాటలో రామరావణుల యుద్ధము ముమ్మరముగా నుండగా తెఱపైకి కేతిగాడును బంగారక్కయు వచ్చి, వీరుల బింకమును తమ వాగుడుతో దింపి పోవుదురు. వారి హాస్యము కొన్ని తావుల ఆడువారు చెవులు మూసికొనదగినదే. అయినను బొమ్మలాటవారు వారిని తీసివేయలేదు. వారు వచ్చిపోయిన తరువాత వచ్చు రాముని బాణము మఱింత పదునుగా తోచును. మన సంస్కృత నాటకములలో రాజుగారి ప్రక్కన తిండిపోతు విదూషకుడు లేనిచో రాజుగారి విరహమును ఎవరు భరింపగలరు? అమెరికాదేశమున 1988లో మినియాపోలిస్ పట్టణపు టెలివిజనులో ఒక కార్యక్రమము మొదలైనది. అందులో ఒక మనిషియు రెండు మరబొమ్మలును సినిమాతెఱ ముందు కూర్చుండి, చెడ్డచిత్రములను చూచుచు వెక్కిరింతురు. చూచువారికి వారి నీడలే తెఱ క్రిందిభాగమున నల్లగా కనబడును. మా వారు దానిని నాకు చూపినపుడు, "ఇది మన కేతిగాని సంసారమే గదా, దొరల భాష నేర్చినది" అంటిని.

తెలుగుచిత్రములలోను ఈ విద్య తెలిసినవారు కలరు. తొడగొట్టినంతనే రైలుబండి వెనుకకు నడచు దృశ్యము 2003లో ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ చిత్రమున వచ్చినది. నాటినుండి దానిని అనుకరించి నవ్వింపని హాస్యగాడు లేడన్నను తప్పులేదు. 2012లో భీమనేని శ్రీనివాసరావుగారి దర్శకత్వమున అల్లరి నరేశ్ నటించిన ‘సుడిగాడు’ అట్టి వీరచిత్రముల నన్నిటిని ఒక్క మూటగట్టి వెక్కిరించినది. 2010 నాటి అరవచిత్రము దానికి మూలము. 2014లో ‘హృదయ కాలేయం’ వచ్చినది. పేరు వినగానే ముక్కు విఱిచితిని. సగము చూచిన పిమ్మట నవ్వాపుకొనలేకపోతిని. అందలి నాయకుడు సంపూర్ణేష్ బాబు, ‘బర్నింగ్ స్టార్’ అను బిరుదు తగిలించుకొని, వీరులందఱు చేయు పనులను వీసమంతయు నవ్వక, నిండు గాంభీర్యముతో చేయును. ఆయన యెవరిని వ్రేలెత్తి చూపలేదు. వెక్కిరింత నంతయు తన యొంటిమీదనే వేసికొనెను. అద్దము ముందు నిలిచి నవ్వుకొనువానికిని, ప్రక్కయింటి కిటికీలోనికి తొంగిచూచి నవ్వువానికిని భేదమున్నది గదా.

ఆ రెండవ రకపువారితోనే నా తగవు. టీవీలోను ఫోనులోను వచ్చు హాస్యములలో నొకని పొట్టితనము, ఇంకొకని నలుపు, వేఱొకని బట్టతల, భార్య నోటిదురుసు — ఇవియే తిరిగి తిరిగి సరకగుచున్నవి. చిత్రము చెడుటకు కారణము వెదకుట కష్టము. నటుని పొట్టను చూపుట సులభము. మా పిల్లలు చూచినదానిలోను సగము మాటలు రామారావుగారి వయసు మీదనే. ఏబదియేడేండ్లవాడు ఎగురుట నవ్వవలసిన సంగతి కాదు. ఆయన ఎగురుచున్నాడని మనచేత నమ్మింపలేకపోవుట కదా సంగతి! పిల్లలు దీనిని ‘ట్రోల్ చేయుట’ యందురు. వెక్కిరింత, ఎగతాళి, ఎకసక్కెము, వేళాకోళము — ఇన్ని మాటలు మనకుండగా ఆ మాట దేనికో నాకు తెలియదు. ఈ నాలుగింటికి నడుమ నున్న భేదము తెలిసినవాడు అన్నిటికి ఒక్క మాట వాడడు.

సిరిమాను చూచి వచ్చిన సాయంకాలము, కాళ్లు నొచ్చుచున్నవని మా యత్తగారు మంచముపై వాలిరి. నేను నూనె రాచుచు మెల్లగా అడిగితిని. "అత్తగారూ, పిల్లలు దేవుణ్ణి నవ్వలేదండీ. సినిమాను నవ్వారు."

"దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడే. ఆ సినిమా మేము పెళ్లయిన ఏడు చూశాము. మా అత్తగారికి చెప్పకుండా మీ మావగారు నన్ను శ్రీకాకుళంలో హాలుకు తీసికెళ్లారు. నేలా బెంచీ అన్నీ నిండిపోతే, ఎవర్నో బతిమాలి నాకు కుర్చీ సంపాదించి, తను గోడవార నిలబడి చూశారు. రామారావు పైకి లేచినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టాను. అప్పుడు మాకు ఏ లోపమూ కనపడలేదే. ఇప్పుడు వీళ్లు వేలు పెట్టి చూపిస్తూంటే, ఆ చీకట్లో కూర్చున్న నన్నూ, గోడవార నిలబడ్డ ఆయన్నీ చూసి నవ్వుతున్నట్టుంది."

మామగారు పోయి ఆఱేండ్లైనది. నాకు మాట రాలేదు. నేను రెండు దినములు శాస్త్రములలో వెదకినది ఇక్కడ నున్నది. నవ్వించువాడు చిత్రమునే చూచును. ఆ చిత్రము నాడు ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండి చూచిరో వానికెట్లు తెలియును? తెలిసికొన వలెననుట న్యాయమును గాదు. ఆ సంగతి తెలిసినవారము ఇంటివారమే.

గడపలో నిలిచి వినుచున్న పెద్దవాడు మాత్రము ఊరకుండలేదు. "అయితే మామ్మా, ఆదిపురుష్ చూసొచ్చి నువ్వే వెక్కిరించావు కదా?" అని యడిగెను. అదియు నిజమే. ఓం రౌత్ దర్శకత్వమున, ప్రభాస్ రాఘవుడుగా వచ్చిన ఆ రామాయణ చిత్రమును 2023లో మేమందఱము కలిసి చూచితిమి. 2022 అక్టోబరు 2వ తేదీన అయోధ్యలో దాని తునక నొకదానిని విడుదల చేసినపుడే, ఇవి పిల్లల వీడియో ఆటలోని బొమ్మలవలె నున్నవని దేశమంతట నవ్విరి. ఆ నవ్వునకు జడిసి, 2023 జనవరిలో రావలసినదానిని జూను 16వ తేదీకి జరిపి మెఱుగులు దిద్దిరి. ప్రతి హాలునందును ఆంజనేయునికై యొక కుర్చీ ఖాళీగా నుంతుమని ప్రకటించిరి. తీరా చూచిన పిమ్మట, లంకాదహన వేళ ఆంజనేయుని నోట వీథిరౌడీల మాటలు పెట్టిరని గగ్గోలు పుట్టి, ఆ మాటలను మార్చవలసి వచ్చెను. వ్రాసినవారు తరువాత క్షమాపణ చెప్పుకొనిరి. ఆ నాడు హాలు వెలుపలికి వచ్చుచు మా యత్తగారు, "ఆ ఖాళీ కుర్చీలో స్వామి నిజంగా వచ్చి కూర్చుంటే, విశ్రాంతిలోనే లేచిపోయుండును" అనిరి. దానికి మేము నెలదినములు నవ్వుకొంటిమి.

"అది వేరురా," అని ఆమె మంచముపై లేచి కూర్చుండిరి. "వాళ్లకి అయిదువందల కోట్లున్నాయి. కంప్యూటర్లున్నాయి. లోకమంతా తిరిగి నేర్చుకున్నవాళ్లున్నారు. అన్నీ ఉండి వండలేనిదాన్ని అనొచ్చు. ఇంట్లో ఉన్న నూకలతో అంబలి కాచి పెట్టినదాన్ని అనకూడదు." 500 కోట్లకు పైగా వ్యయమైనదని నాడు పత్రికలు వ్రాసిన మాటను ఆమె మఱవలేదు. పెద్దవాడు ఊరకున్నవాడు కాడు, "మఱి 2024 సంక్రాంతికి వచ్చిన హనుమాన్?" అనెను. ప్రశాంత్ వర్మ తీసిన ఆ చిత్రము అందులో చిన్నభాగపు ఖర్చుతోనే తయారైనది. అందును పల్లెటూరి పిల్లవానికి ఆంజనేయుని వలన శక్తి కలుగును. ఒక కోతి ఆ వీరుని వెక్కిరించుచుండును. దానికి మాట యిచ్చినవారు రవితేజ. కేతిగాడు మరల తెఱమీదికి వచ్చినాడని నేను సంతోషించితిని. "అంబలే, కాని ఉప్పు సరిపోయింది" అని మా యత్తగారు తీర్పు చెప్పిరి.

అంతలో చిన్నవాడు, "ముక్కలు కాదు మామ్మా, సూపర్‌మ్యాన్ మొత్తం వేసుకు చూద్దాం" అనెను. ఆమె ముందు వలదనిరి. పిమ్మట కండ్లజోడు తెమ్మనిరి. భోజనములైన తరువాత వసారాలో చాపలు పఱచి, ఫోనునకు తీగె తగిలించి టీవీలో వేసిరి. బాలునికి ఆంజనేయుడు వరమిచ్చు ఘట్టము వచ్చినపుడు ఎవరును నవ్వలేదు. మధ్యమధ్య మబ్బులు పరుగెత్తినపుడు పిల్లలు పెదవులు బిగించుకొనుచు మామ్మ వంక దొంగచూపులు చూచుచుండిరి. నాకును కష్టముగానే యుండెను. ఒక యుగళగీతము వచ్చెను. అది ముగియుచుండగా మా యత్తగారు కండ్లజోడు తీసి చీరచెఱగుతో తుడుచుకొని, "ఏమే, నాకొకటి అర్థం కాదు. వరమిచ్చిన ఆంజనేయుడు బ్రహ్మచారి కదా? పుచ్చుకున్న ఈయన కిన్ని పాటలేటి?" అనిరి.

ఫోనులోని హాస్యగాండ్రిద్దరికిని ఈ ఔచిత్యభంగము తోచలేదు. క్షేమేంద్రునికైనను తోచునో లేదో. ముందుగా నవ్వినది ఆమెయే. ఆ పిమ్మట వసారా యంతయు అతిహసితమైనది. ప్రక్కయింటి పిన్నిగారు గోడమీదుగా, "ఏటమ్మా, ఏమైంది?" అని కేకవేసిరి.

పెద్దవాడు ఈ మాటను తాను వీడియోగా తీసి లోకమునకు చూపెదననెను. "నా పేరు చెప్పావంటే చూడు" అని ఆమె వాని చెవి మెలిపెట్టిరి. మఱల పాట మొదలైనది. ఆమె తెఱ వంక చూచుచునే మెల్లగా, "ఈ పాటకే మీ తాతయ్య ఈల వేశారర్రా" అనిరి.

మా వారు పత్రిక దించి, "మా నాన్నగారా?" అనిరి.